పొందూరు ఖాదీని రా ఫైళ్లలో తీయబోతున్న మేనకోడలికి

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వాలుగ చేప దవడతో పత్తిని దువ్వడం దగ్గర నుంచి మగ్గం మీద బట్ట దిగే వరకు, పొందూరు సన్నఖాదీ తయారయ్యే తీరునంతా నీ ఫోన్‌తోనే ఫొటోలు తీసి దాచాలని అనుకుంటున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషించాను. ఇన్నేళ్లు స్టూడియో నడిపినవాడిగా నీకు ప్రధానంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ పనిని ఫోన్ మామూలుగా ఇచ్చే జేపెగ్ ఫొటోగా కాక, కెమెరా కొలతలను మార్చకుండా దాచే రా ఫైల్‌గా తియ్యి. అలా తీసేటప్పుడు బట్టలోని తెలుపు చెడిపోకుండా చూసుకోవడాన్ని మిగతా అన్నిటికంటే ముందు పెట్టుకో.

బటన్ నొక్కినప్పటి నుంచి గ్యాలరీలో ఫొటో కనిపించే లోపు ఫోన్ చాలా పని చేస్తుంది. లెన్స్ వెనక ఉండే సెన్సర్ మీది ఒక్కో పిక్సెల్, అంటే ఒక్కో చిన్న గడి, ఒక్క రంగు వెలుతురునే కొలుస్తుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక ప్రకారం సగం పిక్సెళ్ల మీద ఆకుపచ్చ, పావు వంతు మీద ఎరుపు, మిగిలిన పావు వంతు మీద నీలం ఫిల్టర్లు ఉంటాయి. తక్కిన రెండు రంగులను ఫోన్ ఇరుగుపొరుగు పిక్సెళ్లను బట్టి లెక్కగట్టి నింపుతుంది. ఆ తరువాత గరకును, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలను, నునుపు చేసి, అంచులకు పదును పెట్టి, నీడలను వెలిగించి, చివరకు ఒక్కో రంగుకు 256 వెలుతురు మెట్లు మాత్రమే ఉండే జేపెగ్‌గా కుదిస్తుంది. సెన్సర్ 10 బిట్లలో చదివితే ఆ మెట్లు 1,024, 12 బిట్లలో చదివితే 4,096. రా ఫైల్‌లో ఆ కొలతలు కొలతలుగానే మిగులుతాయి. మా కాలపు నెగటివ్ లాగా దాన్ని నువ్వే డెవలప్ చేసుకోవాలి.

పెళ్లి ఫొటోలో ముఖాలకు ఫోన్ పెట్టే ఆ నునుపు బాగానే ఉంటుంది, సన్నఖాదీకి మాత్రం అది కీడు చేస్తుంది. రాట్నం మీద వడికిన నూలు పోగు ఒకచోట కాస్త లావుగా, మరొకచోట వెంట్రుకలా సన్నగా ఉంటుంది. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పడుగులోనూ పేకలోనూ ఆ హెచ్చుతగ్గులు కనిపిస్తాయి, అది చేతి వడుకు అని పోల్చుకునేది వాటి వల్లనే. ఫోన్‌లోని ప్రోగ్రాముకు ఆ హెచ్చుతగ్గులకూ సెన్సర్ గరకుకూ తేడా తెలియదు కనుక రెండింటినీ కలిపి తుడిచివేస్తుంది, అప్పుడు మీ ఊరి బట్ట మిల్లు బట్టలా కనిపిస్తుంది. నేను రా ఫైల్ కోసం ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

ముందుగా నీ ఫోన్‌లో ఆ సౌకర్యం ఉందో లేదో చూడు. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి, ఐఫోన్‌లో 2016 నాటి ఐఓఎస్ 10 నుంచి, రా ఫైల్ తీసుకునే వీలును యాప్‌లకు ఇచ్చారు. అయితే ఆండ్రాయిడ్‌లో ఏ లెన్స్‌కు ఇవ్వాలన్నది తయారీదారు ఇష్టం. కెమెరాలోని ప్రో మోడ్‌లో రా అనే మాట కనిపించకపోతే, ఉచితంగా దొరికే ఓపెన్ కెమెరా యాప్ వేసుకొని, సెట్టింగులలో కెమెరా2 ఏపీఐని ఎంచుకొని చూడు. ఫోన్ అనుమతిస్తే డీఎన్‌జీ అనే రకం రా ఫైల్ దాచే ఎంపిక కనిపిస్తుంది. ఐఫోన్ 12 ప్రోతో 2020లో వచ్చిన ప్రోరా పూర్తిగా ముడి ఫైల్ కాదు, అందులో కొన్ని ఫ్రేములను కలిపే పని ఫోన్ ముందే చేసి ఉంచుతుంది. పెట్టె మీద 50 మెగాపిక్సెళ్లు అని రాసి ఉన్నా రా ఫైల్ సుమారు 12 మెగాపిక్సెళ్లకే వస్తే కంగారు పడకు. అటువంటి సెన్సర్లలో ఒకే రంగు ఫిల్టర్ కింద ఉన్న నాలుగేసి పిక్సెళ్లను కలిపి ఒకటిగా చదవడం మామూలే.

ఇక వెలుతురు సంగతి శ్రద్ధగా చదువు. రా ఫైల్‌లో నీడను కొంత పైకి తీయవచ్చు కాని, నిండిపోయిన తెలుపును వెనక్కి తేలేము, ఎందుకంటే పిక్సెల్ తన గరిష్ఠానికి చేరిన తరువాత పడిన వెలుతురు ఎక్కడా నమోదు కాదు. మగ్గం ఉన్న గది చీకటిగా, తలుపు బయట ఎండ తెల్లగా ఉంటుంది; ఫోన్‌ను దానంతట దానికి వదిలితే చీకటి గదిని చూసి ఎక్స్‌పోజర్ (సెన్సర్ మీద పడనిచ్చే వెలుతురు) పెంచుతుంది, అప్పుడు తలుపు వైపున్న బట్ట అంచు పోగులన్నీ కలిసిపోయి ఉత్త తెల్ల మచ్చగా మిగులుతుంది. ఫ్రేము నిండా తెల్లబట్టే ఉంటే దీనికి విరుద్ధంగా జరుగుతుంది: ఫోన్ దాన్ని బూడిదరంగు అనుకొని ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది. మొదటి సందర్భంలో తగ్గించుకోవాలి, రెండవ దానిలో పెంచుకోవాలి. ఎక్కువ వెలుతురు ఎందుకు పట్టాలంటే, 1,024 మెట్లలో సగం, అంటే 512, అన్నిటికంటే ప్రకాశవంతమైన ఒక్క స్టాప్‌లోనే (వెలుతురు రెట్టింపయ్యే ఒక్క అంచెలోనే) ఉంటాయి; చీకటిగా తీసి తరువాత లేపితే ఉన్న కొద్ది మెట్లూ గరకుతో సహా పైకి వస్తాయి. అందుచేత హిస్టోగ్రామ్‌ను, అంటే ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఎన్నెన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూపే పటాన్ని, కుడి గోడ దాకా తెచ్చి, దాన్ని తాకకముందే ఆపు. ఆ హిస్టోగ్రామ్ చాలా యాప్‌లలో జేపెగ్‌ను బట్టి గీసినది కనుక దాన్ని పూర్తిగా నమ్మకుండా, ముఖ్యమైన ఫొటోను మూడు ఎక్స్‌పోజర్లలో తీసి పెట్టుకో.

సెన్సర్ సంకేతాన్ని పెంచి చూపే ఐఎస్‌ఓ అంకెను వీలైనంత తక్కువలో ఉంచు. రాట్నం తిరుగుతున్నట్టు మసకగా కనిపించి, చెయ్యి మాత్రం స్పష్టంగా రావాలంటే సెకనులో 125వ వంతు షట్టర్ సరిపోతుంది, నాడె ఆగినట్టు కనిపించాలంటే ఇంకా వేగం కావాలి. ట్యూబ్‌లైటు కింద తీస్తే 50వ వంతు గాని 100వ వంతు గాని పెట్టు. మన కరెంటుకు ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి కనుక వేరే వేగాలలో ఫొటో మీద అడ్డచారలు పడవచ్చు. మొత్తం మీద తలుపు పక్క నుంచి వచ్చే పగటి వెలుతురే మేలు. బట్టను దగ్గరగా తీసేటప్పుడు నేత గళ్లకూ సెన్సర్ గళ్లకూ పొంతన కుదరక లేని రంగుల అలలు కనిపిస్తే, దూరాన్ని గాని కోణాన్ని గాని కొద్దిగా మార్చు. వాటిని తరువాత తీసివేయడం చాలా కష్టం. స్టాండు మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తియ్యి. చెయ్యి వణికిన ఫొటోను, ఫోకస్ తప్పిన ఫొటోను ఏ రా ఫైలూ బాగు చేయదు.

వెలుతురు రంగును బట్టి తెలుపును సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను డెవలప్ చేసేటప్పుడు మార్చుకోవచ్చు. అయితే అద్దకం వేయని ఖాదీకి ఉండే లేత మీగడ రంగును ఫోన్ దోషమనుకొని తెల్లగా చేసేస్తుంది కనుక, ప్రతి చోటా మొదటి ఫ్రేములో ఒక గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు అట్ట) పెట్టి తియ్యి, ఇంటికి వచ్చాక దాని మీదనే రంగు సరిచూసుకో. రా ఫైల్ తెరవగానే వెలిసిపోయినట్టు, గరకుగా ఉంటే నిరుత్సాహపడవద్దు, అది అలాగే ఉండాలి. డెవలప్ చేయడానికి ఫోన్‌లో స్నాప్‌సీడ్, కంప్యూటరులో డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతాయి. రంగు గరకును ధారాళంగా తగ్గించు, వెలుగునీడల గరకును మాత్రం పోగు కనిపించేటంత వరకు ఉండనివ్వు.

అన్నిటికీ రా అక్కరలేదు. దసరా తరువాత మంగళవారం ఇక్కడ జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వంటి జన సమ్మర్దంలో, రాత్రి పూట చేత పట్టుకొని తీసేటప్పుడు, ఫోన్ పలు ఫ్రేములు కలిపి ఇచ్చే జేపెగ్ నీ ఒక్క రా ఫ్రేము కంటే బాగుంటుంది. మగ్గం దగ్గర రెండు రకాలూ కలిపి దాచుకో. 12 మెగాపిక్సెళ్ల రా ఫైల్‌ను కుదించకుండా దాస్తే, పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున సుమారు 24 ఎంబీ అవుతుంది, వంద ఫొటోలకే 2.4 జీబీ కావాలి. కాబట్టి ఏ రోజువి ఆ రోజు రాత్రే కంప్యూటరులోకి ఎక్కించి, మరో హార్డ్ డిస్కులో రెండో ప్రతి పెట్టిన తరువాతనే ఫోన్‌లో చెరిపెయ్యి.

మొదట ఒక పూట తలుపు పక్కన బట్ట ఒక్కటే తీసి చూడు. వాటిలో మంచివనిపించిన డీఎన్‌జీ ఫైళ్లను నాకు వాట్సాప్‌లో ఫొటోలుగా కాక డాక్యుమెంట్లుగా పంపు. ఫొటోలుగా పంపితే అవి మళ్లీ కుదించిన జేపెగ్‌లే అయిపోతాయి. నేను డెవలప్ చేసి, ఏ స్లైడర్ ఎంత కదిపానో రాసి తిరిగి పంపుతాను.

ఇట్లు,
నీ మామయ్య