.303 అని ఉన్న ప్రతి తూటా సావేజ్ 1899 రైఫిల్‌కు సరిపోదు

పెన్సిల్వేనియాలో ఒక ఇంటి సామాను అమ్మకంలో పాత సావేజ్ 1899 రైఫిల్ కొన్నారనీ, బ్యారెల్ మీద .303 అని ఉందనీ రాశారు. దుకాణంలో దొరికే .303 బ్రిటిష్ తూటాలు వాడవచ్చా, లేదా .30-30 కేసులతో (తూటా ఇత్తడి గొట్టాలతో) సొంతంగా రీలోడింగ్, అంటే వాటిలో మందు, బులెట్ మళ్లీ నింపడం, చేసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. రెండూ వద్దు. అమెరికా పౌరసత్వం వచ్చినప్పటి నుంచి పదకొండేళ్లుగా నేను ఈ నమూనా రైఫిళ్లనే సేకరిస్తూ, వాటికి తూటాలు తయారు చేసుకుంటున్నాను కాబట్టి కారణాలు వివరంగా రాస్తున్నాను.

జమైకాలో పుట్టిన ఆర్థర్ సావేజ్ న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికాలో తన కంపెనీని నడిపిన కాలంలో, ఈ రైఫిల్‌కు ముందు వచ్చిన 1895 నమూనాతోపాటు .303 సావేజ్ అనే తూటా వచ్చింది. బ్రిటిష్ సైనిక తూటాతో దానికి పేరులోని అంకె తప్ప వేరే చుట్టరికం లేదు. బ్రిటిష్ కేసు పొడవు 2.222 అంగుళాలు, సావేజ్ కేసు పొడవు 2.015 అంగుళాలు. రిమ్‌కు (కేసు అడుగున ఉండే అంచుకు) పైన కేసు వ్యాసం మొదటిదానికి 0.460, రెండోదానికి 0.442 అంగుళాలు. బ్రిటిష్ బులెట్ వ్యాసం 0.311 నుంచి 0.312 దాకా ఉంటుంది. నేను స్వయంగా కొలిచిన మూడు సావేజ్ బ్యారెళ్లలోనూ గాడి కొలత, అంటే లోపల మెలితిరిగిన గాళ్ల అడుగు నుంచి అడుగుకు వ్యాసం, 0.308 మాత్రమే వచ్చింది.

అసలు ప్రమాదం .30-30తోనే ఉంది, ఎందుకంటే చూపుకు అది సావేజ్ తూటాకు కవలలా ఉంటుంది. రిమ్ కొలతల్లో తేడా అంగుళంలో వెయ్యో వంతే, కానీ .30-30 కేసు అడుగు వ్యాసం 0.422 అంగుళాలే కావడంతో చాంబర్‌లో (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోట) చుట్టూ ఖాళీ మిగిలిపోతుంది. మొదటి సంవత్సరం ఒక అమ్మకందారు దగ్గర .30-30 నుంచి "మార్చిన కేసులు" ఇరవై కొన్నాను. రెండో తూటా పేల్చి లీవర్ దించితే బయటికి వచ్చిన కేసు రిమ్‌కు అర అంగుళం పైన ఒకవైపు నానిన శనగగింజలా ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు మీద వెంట్రుకంత సన్నని చీలిక, దాని వెంట నల్లటి మసి చార. కళ్లద్దాలు పెట్టుకొని ఉన్నాను కాబట్టి నాకేమీ కాలేదు. మిగిలిన పద్దెనిమిదింటినీ ఆ సాయంత్రమే పటకారుతో నలిపి పారేశాను.

సరైన మార్గం .303 సావేజ్ అని అడుగున ముద్ర ఉన్న కొత్త కేసుల కోసం ఓపికగా వెతకడమే. .220 స్విఫ్ట్ అనే మరో తూటా కేసు అడుగు వ్యాసం 0.445 అంగుళాలు కాబట్టి, కొందరు దాని మెడను వేడిచేసి, మెత్తబరచి, దశలవారీగా వెడల్పు చేసి వాడతారు. కానీ దాని రిమ్ చిన్నది, పట్టు సరిగా కుదరదు, తొలిసారి రీలోడింగ్ చేసేవారికి నేను ఆ దారి చెప్పను.

కేసులు కొనడానికి ముందే అనుభవమున్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవారు) దగ్గర చాంబర్ అచ్చు తీయించండి. సెర్రోసేఫ్ అనే, తక్కువ వేడికే కరిగే లోహంతో ఆ పని జరుగుతుంది. నూరేళ్లలో ఎవరైనా ఆ చాంబర్‌ను మరో తూటాకు మార్చి ఉంటే అచ్చులో తెలిసిపోతుంది. పౌడర్ మోతాదు విషయంలో ముద్రిత రీలోడింగ్ మాన్యువల్‌లోని ప్రారంభ మోతాదు తప్ప ఎవరి నోటి మాటా, నాది కూడా, నమ్మవద్దు. ఈ రైఫిల్‌లో బోల్ట్ (చాంబర్‌ను వెనుక నుంచి మూసే భాగం) వెనుకభాగంలో లాక్ అవుతుంది కాబట్టి కేసులు త్వరగా సాగుతాయి. కొన వంచిన సన్నని తీగతో కేసు లోపల గీరి చూసి, గాడి తగిలితే ఆ కేసును పక్కన పడేయండి.

ఈ తుపాకీ మీద నాకు ఇంత మమకారం కలగడానికి కారణం దాని గుండ్రంగా తిరిగే మ్యాగజీన్. గొట్టపు మ్యాగజీన్‌లోలా ఒక తూటా మొన ఇంకోదాని ప్రైమర్‌ను (మందును అంటించే అడుగు భాగాన్ని) తాకదు కాబట్టి మొనదేలిన బులెట్లకూ భయం లేదు. పాతవాటికి ఎడమ పక్కన చిన్న కిటికీ ఉంటుంది. లీవర్ ఆడించిన ప్రతిసారీ ఇత్తడి చక్రం మీది అంకె మారుతూ లోపల ఎన్ని తూటాలు మిగిలాయో చెబుతుంది. మీదాంట్లో ఆ అంకెలు చదవడానికి వీలుగా ఉంటే దయచేసి పాలిష్ చేయించకండి, బ్యారెల్‌కు కొత్త నీలిరంగు వేయించకండి. రెండూ విలువను తగ్గిస్తాయి. చెక్క భాగం ఇనుముతో కలిసేచోట వెనుకవైపు పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. రైఫిల్‌తోపాటు పాత తూటాల పెట్టె వచ్చి ఉంటే దాన్ని పేల్చకుండా అలాగే దాచండి. పాదరసం కలిసిన పాతకాలపు ప్రైమర్లు ఇత్తడిని పెళుసుగా చేస్తాయి, ఆ కేసులు రీలోడింగ్‌కు పనికిరావు.

మన తెలుగువారికి ఒక మాట. హెచ్-1బి వంటి వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, లాయర్‌ను అడగకుండా వాటిమీద ఆధారపడకండి. ఇండియాలో చదువుతున్నవారు ఇవేవీ ప్రయత్నించకూడదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్స్ కావాలి.

అచ్చు తీయించాక కేసు అడుగు, మెడ, గాడి కొలతలు మూడూ ఇక్కడ రాయండి. ఏ బరువు బులెట్‌తో మొదలుపెట్టాలో వాటిని చూసి చెబుతాను.