తోట పేరెత్తకుండా పంపకాల తగవు

ప్రశ్న: మేము అయిదుగురు మిత్రులం, ప్రేక్షకులు ఇచ్చిన సందర్భాన్ని పట్టుకుని, రాత ప్రతి లేకుండా అప్పటికప్పుడు సన్నివేశాలు ఆడుతుంటాం. మనసులో ఉన్నదంతా మొదటి నిమిషంలోనే అనేస్తున్నాం. దాచుకుందామంటే తోటి నటుడికే అర్థం కావడం లేదు. రాసిన సంభాషణ లేనిచోట సబ్‌టెక్స్ట్ సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: తప్పకుండా సాధ్యమే. రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ సబ్‌టెక్స్ట్ అన్నదానికి, అంటే పలికే మాటల అడుగున పాత్ర మనసులో సాగే ధారకు, మన అలంకారికుల్లో దగ్గరి మాట ధ్వని. 9వ శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు వాచ్యం కంటే, అంటే నేరుగా చెప్పిన అర్థం కంటే, వ్యంగ్యానికి, అంటే చెప్పకుండానే స్ఫురించే అర్థానికి, పెద్దపీట వేశాడు. రాసిన నాటకంలో రచయిత ఆ ధ్వనిని ముందే పొదిగి ఉంచుతాడు. మీకు ఆ వసతి లేదు కనుక, దాన్ని మోసే వస్తువునో పనినో మీరే రంగం మీదికి తెచ్చుకోవాలి.

ఉద్దానంలోని ఒక జీడితోటను తీసుకుందాం. తమ్ముడు వచ్చింది తన వాటా అమ్ముకోవడానికి. అన్న ఆ సంగతి పసిగట్టాడు. వాటా, అమ్మకం, డబ్బు అన్న మాటలు ఇద్దరూ ఎత్తరాదని నియమం పెట్టుకుని, అన్న చేతికి జీడిపిక్కలు ఏరే పని ఇవ్వండి.

"తిత్లీకి పడిపోయిన చెట్లకాడ ఖాళీగానే వదిలేసినావేటన్నా?"

అన్న చెయ్యి ఆగుతుంది. "ఈ యేడే మొక్కలేసినాను. కాపుకొచ్చీసరికి నువ్వుంతావో, ఉండవో."

2018 అక్టోబరులో ఆ తుపాను అక్కడి జీడి, కొబ్బరి తోటలను ఎలా కూల్చిందో ఎరిగిన మన ప్రేక్షకుడికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు. నా మటుకు నాకు, మాటల కంటే ఆ ఆగిన చెయ్యే సన్నివేశానికి ప్రాణం.

ఇక తోటి నటుడి సంగతి. మీరు దాచవలసింది కోరికను మాత్రమే. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎక్కడ ఉన్నారు అన్నవి మొదటి రెండు మాటల్లోనే స్పష్టంగా తేలిపోవాలి. అన్నీ దాస్తే ఎదుటివాడు దేన్ని పట్టుకుంటాడు? అతడు మీరనుకోని అర్థం తీసినా దిద్దకండి, ఆ క్షణం నుంచి అదే నిజం. ఇలాంటి ఆశు నాటకానికి గురువైన కీత్ జాన్‌స్టన్ నేర్పిన హోదా అభ్యాసం, అంటే ఎవరిది పైచేయో ఒంటి తీరుతోనే చూపడం, కూడా చేయండి: మొదట అన్న కూర్చుని, తమ్ముడు నిలబడి మాట్లాడాలి, మధ్యలో ఆ స్థానాలు మాట లేకుండానే తారుమారు కావాలి.

నిషేధించుకున్న మాట చివరికి బయటపడక తప్పదనిపిస్తే, దాన్ని అడగవచ్చినవాడి నోట కాక అన్న నోట రానివ్వండి. పిక్కల బుట్ట పక్కకు జరిపి, తలెత్తకుండానే, "ఎంతకడుగుతన్నార్రా?" అంటే చాలు.