502 వస్తే ఎంజిన్‌ఎక్స్‌ని తిట్టకండి

ప్రశ్న: నమస్తే అండి. మా నాన్నగారి ఎరువుల షాపు అప్పు ఖాతాల కోసం పైథాన్‌తో వెబ్ యాప్‌లు రాసే జాంగోలో చిన్న యాప్ రాశాను. ఉబుంటు సర్వర్ ఒకటి తీసుకుని యాప్‌ని నడిపే గునికార్న్‌ ప్రోగ్రామ్‌తో 8000 పోర్టులో నడుపుతూ, బయటి రిక్వెస్టులు అందుకుని దానికి పంపే ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌ని ముందు పెట్టాను. మొన్న సర్వర్ రీస్టార్ట్ చేసినప్పట్నుంచీ 502 బ్యాడ్ గేట్‌వే అంటోంది, ఎంజిన్‌ఎక్స్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా అదే. ఇంకోటి, లాగిన్లన్నీ 127.0.0.1 (అంటే ఆ సర్వర్ సొంత అడ్రస్) నుంచే వచ్చినట్టు చూపిస్తోంది. మా గుమాస్తా ఐదుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే అందరికీ లాగిన్ ఆగిపోయింది. – ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: 502 పేజీ కనిపిస్తోందంటే ఎంజిన్‌ఎక్స్ బాగానే ఉందండి, ఆ పేజీ మీకు పంపింది అదే కదా. వెనకున్న యాప్ దగ్గరికి వెళ్తే అక్కడ సరైన జవాబు రాలేదు, అదే మీకు చెప్తోంది, కాబట్టి దాన్ని ఎన్నిసార్లు తీసి పెట్టినా లాభం లేదు. సర్వర్‌లోకి లాగిన్ అయ్యి అక్కడ్నుంచే 127.0.0.1:8000కి కర్ల్ కమాండ్‌తో రిక్వెస్ట్ కొట్టి చూడండి. 400 ఎర్రర్ వచ్చినా పర్లేదు, యాప్ బతికుందని అర్థం. అసలేమీ రాకుండా కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే ఆ పోర్టులో ఎవరూ లేరు. ఎంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో కూడా అదే మాట 111 నంబర్‌తో ఉంటుంది. రీస్టార్ట్ తర్వాతే మొదలైందన్నారు కాబట్టి నా అనుమానం, గునికార్న్‌ని టెర్మినల్లో చేత్తో స్టార్ట్ చేసి వదిలేశారు, సర్వర్ పడి లేచాక దాన్ని లేపేవాళ్ళు లేరు. ఉబుంటులో ప్రోగ్రాములని నడిపించే సిస్టమ్‌డీ కోసం దానికో సర్వీస్ ఫైల్ రాసి, స్టార్ట్ చేయడమే కాదు, సర్వర్ లేచినప్పుడల్లా తనే మొదలయ్యేలా ఎనేబుల్ కూడా చేయండి, చాలామంది ఎనేబుల్ దగ్గరే మర్చిపోతారు.

502కీ 504కీ తేడా కూడా గుర్తుపెట్టుకోండి. 504 అంటే యాప్ ఉంది కానీ టైముకి జవాబివ్వలేదు, మామూలుగా ఎంజిన్‌ఎక్స్ 60 సెకన్లు చూస్తుంది. అది రాగానే టైమౌట్‌ని 300కి పెంచేసి హమ్మయ్య అనుకుంటారు, నాకది అస్సలు నచ్చదు. ఖాతా పేజీ తెరవడానికి నిమిషం పడుతోందంటే డేటాబేస్ క్వెరీ చూసుకోవాలి గానీ కస్టమర్‌ని ఐదు నిమిషాలు కూర్చోబెట్టడం ఏంటండీ.

ఇక 127.0.0.1 సంగతి. మీ యాప్‌తో మాట్లాడేది గుమాస్తా ఫోన్ కాదు, ఎంజిన్‌ఎక్స్. అది అదే మెషీన్లో ఉంది కాబట్టి యాప్‌కి అందరూ ఒకే మనిషిలా కనిపిస్తారు, ఐపీ చూసి లాక్ వేసే ప్యాకేజీ ఆ ఒక్కణ్ణీ ఆపితే అందరూ ఆగిపోయారు. బయట ఎవరున్నారో ఎంజిన్‌ఎక్స్ చెప్తేనే యాప్‌కి తెలుస్తుంది. అందుకే ఎంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో, రిక్వెస్ట్‌ని యాప్‌కి పంపే ప్రాక్సీ పాస్ లైను పక్కనే మూడు హెడర్లు (రిక్వెస్ట్‌తో పాటు వెళ్ళే వివరాలు) పెట్టాలి: అడిగిన డొమైన్ పేరు కోసం హోస్ట్, అసలు ఐపీ కోసం ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్, వచ్చింది హెచ్‌టీటీపీఎస్‌లోనా కాదా అన్నదానికి ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో. జాంగో సెట్టింగుల్లో, ఆ లాక్ ప్యాకేజీ సెట్టింగుల్లో కూడా చివరి రెండింటినీ చదవమని చెప్పాలి, పంపినంత మాత్రాన అవి చదువుతాయని అనుకోవద్దు. మూడోది వదిలేసి జాంగోలో హెచ్‌టీటీపీఎస్‌కి మళ్ళించే సెట్టింగ్ ఆన్ చేస్తే, యాప్ ప్రతిసారీ ఇది హెచ్‌టీటీపీ అనుకుని మళ్ళీ మళ్ళీ వెనక్కి పంపుతుంది, చివరికి బ్రౌజర్ రీడైరెక్టులు ఎక్కువయ్యాయని చేతులెత్తేస్తుంది.

ఒక జాగ్రత్త. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ ఎవరైనా తయారుచేసి పంపగలరు. ఉన్నదానికి చివర్లో ఐపీ కలిపేలా ఎంజిన్‌ఎక్స్‌లో పెడితే, వాళ్ళు రాసిన దొంగ ఐపీ ముందు అలాగే ఉంటుంది, మీ యాప్ మొదటిది తీసుకుంటే మోసపోయినట్టే. మీకున్నది ఒక్క ప్రాక్సీయే (మధ్యలో నిలబడి పంపే ఎంజిన్‌ఎక్స్) కాబట్టి కలపడం మానేసి, కనెక్ట్ అయిన ఐపీనే ఆ హెడర్‌లో రాసేయండి.

దీనికంటే ముఖ్యం 8000 పోర్టు. గునికార్న్‌ని 0.0.0.0 (సర్వర్‌కున్న అన్ని అడ్రస్‌లూ) మీద వదిలితే ఎవరైనా ఎంజిన్‌ఎక్స్‌ని దాటేసి నేరుగా లోపలికి రావచ్చు, వీధి గుమ్మానికి తాళం వేసి దొడ్డి తలుపు తీసిపెట్టినట్టు. 127.0.0.1 మీదే కట్టేయండి. యాప్‌ని కంటైనర్‌లో నడిపే డాకర్ వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త, డాకర్ బయటికి తెరిచిన పోర్టుని ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆపదు, మీరు ఫైర్‌వాల్‌లో మూసేశాం అనుకుంటారు కానీ అది తెరిచే ఉంటుంది. డాకర్‌లో పోర్టు రాసేటప్పుడే దాని ముందు 127.0.0.1 చేర్చాలి.

ప్రశ్న: నా ఏపీఐకి ఎంజిన్‌ఎక్స్ ద్వారా వెళ్తే అన్నీ 404 (దొరకలేదు), నేరుగా పోర్టుకి వెళ్తే పనిచేస్తోంది. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ప్రాక్సీ పాస్ లైను చివర పోర్టు నంబర్ తర్వాత స్లాష్ ఉందేమో చూడండమ్మా. ఎంజిన్‌ఎక్స్‌లో లొకేషన్ (ఏ దారికి ఈ సెట్టింగ్ అన్నది) /ఏపీఐ/ అని పెట్టుకున్నారనుకోండి. చివర స్లాష్ లేకపోతే /ఏపీఐ/బిల్లులు అని అడిగింది అడిగినట్టే యాప్‌కి వెళ్తుంది. స్లాష్ ఉంటే ఏపీఐ అన్న ముక్క తీసేసి ఉత్త /బిల్లులు వెళ్తుంది. రెండూ కరెక్టే, మీ యాప్ ఏ దారి కోసం చూస్తోందో అది పంపాలి అంతే. ఈ ఒక్క గీత కోసం నేనొకసారి రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను, చివరికి యాప్ లాగ్ తెరిచి దానికి ఏ దారి అందుతోందో చూశాకే తెలిసింది. మీరు ముందే ఆ లాగ్ చూడండి.

ప్రశ్న: ఫోన్‌లో తీసిన ఫొటో అప్‌లోడ్ చేస్తే 413 (పంపింది మరీ పెద్దది) వస్తోంది, యాప్ లాగ్‌లో మాత్రం ఏమీ లేదు. – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: యాప్ దాకా రాలేదు కాబట్టే లాగ్‌లో లేదు. ఎంజిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటితే గుమ్మంలోనే ఆపేస్తుంది, క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అన్న సెట్టింగ్‌ని 10 ఎంబీ చేయండి. కొంతమంది 0 పెట్టమంటారు, అలా పెడితే హద్దే ఉండదు, వద్దు. మార్చాక ముందు కాన్ఫిగ్ టెస్ట్ కమాండ్ కొట్టి, తప్పుల్లేవంటేనే రీలోడ్ చేయండి.