నెల్లూరు చుట్టుపక్కల చేత్తో చేసి చూడగలిగే పనులు: ఏది ఎంతవరకు చేయనిస్తారు?

మీరు అడిగింది ఇదీ: బదిలీ మీద నెల్లూరు వచ్చారు, ఆరో తరగతి చదివే పాప ఉంది. ఆదివారం వస్తే సినిమా, హోటలు తప్ప ఇంకేం లేదా, బెంగళూరులో కుండలు చేయించినట్టు ఇక్కడ కూడా చేత్తో ఏదైనా చేయించే వర్క్‌షాపులు ఉన్నాయా అని.

ఆన్‌లైన్‌లో టికెట్ కొనుక్కుని, ఏప్రన్ కట్టుకుని, రెండు గంటల్లో ఒక వస్తువు పట్టుకుని ఇంటికొచ్చే పద్ధతి మా ఊరికి ఇంకా పెద్దగా రాలేదు. వేసవి సెలవుల్లో క్యాంపులు మాత్రం పెడతారు. మా చెల్లెలి కూతుర్ని అట్లాంటి ఒకదానికి పంపాం. పేరు హ్యాండీక్రాఫ్ట్స్ క్యాంపు. ముందే కోసి పెట్టిన ప్లైవుడ్ ముక్కలు, గ్లూ గన్, నాలుగు అద్దం బిళ్లలు ఇచ్చి అతికించమన్నారు. ఫీజు మాత్రం ఘనంగా తీసుకున్నారు. పిల్ల ఇంటికి తెచ్చిన ఫోటో ఫ్రేము పది రోజుల్లో ఊడిపోయింది.

అసలు పనివాళ్లు మనకి రెండు మూడు గంటల ప్రయాణంలో ఉన్నప్పుడు ఆ డబ్బు అక్కడ పెట్టడం దండగ. అయితే వాళ్లవి వర్క్‌షాపులు కావు, ఇళ్లు. ఆ పని మీదే వాళ్లు బతుకుతారు. అందుకని వెళ్లేముందు ఒకటి చూసుకోండి. ఏ పనిలోనైనా కొత్తవాళ్ల చెయ్యి పడినా ఫరవాలేని దశ ఒకటి ఉంటుంది, పడితే వాళ్లకు నష్టం వచ్చే దశ ఒకటి ఉంటుంది. మొదటిది అడిగితే సంతోషంగా చేయనిస్తారు. రెండోది అడిగితే మొహమాటానికి సరే అంటారు, మనం వెళ్లాక తిట్టుకుంటారు.

పాపతో వెళ్లడానికి నేను ముందు చెప్పేది ఉదయగిరి. ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. జనం అక్కడికి కొండ మీది దుర్గం కోసం వెళ్తారు. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. కింద ఊళ్లో కొన్ని ముస్లిం కుటుంబాలు తరతరాలుగా కర్రతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చేస్తున్నాయి. ఫలానా ఊరి సరుకు అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. నర్ది, బిక్కి, దేవదారి లాంటి కర్రలు వాడతారు, అన్నీ ఆ చుట్టుపక్కల కొండల మీద పెరిగేవే. ఆడవాళ్లు చాలామంది ఈ పనిలో ఉన్నారు. మేం కూర్చున్న ఇంట్లో తల్లీ కూతుళ్లు ఇద్దరూ చేస్తున్నారు.

రంపంతో ముక్క కోయడం, బాడిశతో, అంటే చిన్న గొడ్డలి లాంటి పనిముట్టుతో, చెక్కి స్పూను ఆకారం తేవడం, ఉలితో గుంట తియ్యడం, ఆకురాయితో రాయడం, ఉప్పుకాగితంతో నునుపు చెయ్యడం, ఆ తర్వాత కాడ మీద నగిషీ. మొత్తం పని ఇదీ. బాడిశ జోలికి మీరు గానీ పాప గానీ వెళ్లొద్దు. చూడ్డానికి ఏముందిలే అనిపిస్తుంది. వాళ్లు ఒక చేత్తో ముక్క పట్టుకుని, ఆ వేళ్ల పక్కనే దెబ్బ వేస్తుంటారు. ఆ గురి ఒక్క పూటలో వచ్చేది కాదు. గుంట తీసి పెట్టిన స్పూను ఒకటి అడిగి తీసుకోండి. ఆకురాయి దగ్గర్నుంచి మీ పని.

అదేమీ చిన్న పని కాదు. కర్రకి నార ఒక వైపే ఉంటుంది. దానికి ఎదురు రాస్తే పీచు లేచి, నునుపు అవ్వాల్సింది ఇంకా గరుకు అవుతుంది. మా పిల్ల గట్టిగా రాస్తే తొందరగా అయిపోతుందనుకుంది. ఆ పెద్దావిడ కాసేపు చూసి, "అట్ట కాదమ్మా, నార యాటికి పోతాందో నువ్వూ అటే పో" అని చెయ్యి పట్టి తిప్పింది. ఆ తర్వాత గంటసేపు మా పిల్ల ఫోను అడగలేదు. స్పూను మెడ దగ్గర, అంటే గుంట కాడకి కలిసే చోట, చాలా మెల్లిగా రాయాలి. అక్కడ ఎక్కువ అరిగితే రేపు కూర కలిపేటప్పుడు విరిగేది అక్కడే. కాడ మీద జాలీ లాగా కోసే నగిషీ పక్కన కూర్చుని చూస్తే చాలు. అది వాళ్ల చేతిలో ఉండాల్సిన పని.

ఇంటికి తెచ్చాక ఆ స్పూన్లు నీళ్లలో నానబెట్టకూడదు. కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టాలి. అప్పుడప్పుడు రెండు చుక్కల కొబ్బరినూనె రాస్తే చాలు. మా ఇంట్లో పచ్చడి జాడీలోకి ఇప్పుడు అదే స్పూను.

తోలుబొమ్మలు కూడా మన జిల్లాలో ఉన్నాయని నెల్లూరులో పుట్టి పెరిగినవాళ్లకే చాలామందికి తెలీదు. అందరూ ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట పేరే చెప్తారు. దానికి తగ్గ పేరే అది, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆత్మకూరు దాటి బద్వేలు రోడ్డు పట్టుకుంటే మర్రిపాడు మండలంలో డీసీపల్లి ఉంది. అక్కడా ఈ పని తెలిసిన కుటుంబాలున్నాయి. ఆట ఆడించమని పిలిచేవాళ్లు తగ్గిపోయాక బొమ్మలతో పాటు లాంప్‌షేడ్లు, గోడకి తగిలించే బొమ్మలు చేస్తున్నారు.

మేక తోలుని నానబెట్టి, వెంట్రుక తీసి, గీకి, లాగి కట్టి ఆరబెడితే పల్చటి పొరలా తయారవుతుంది. దీపం ఎదురుగా పెడితే వెలుతురు అందులోంచి వస్తుంది. తోలు సిద్ధం చేసే ఆ దశకి పాపని తీసుకెళ్లకండి, వాసన భరించలేదు. ఆ పైన గీత, చిల్లులు, రంగు. రావణుడి కిరీటం, సీత నగలు తెర మీద మెరిసేది రంగు వల్ల మాత్రమే కాదు, ఆ చిన్న చిన్న చిల్లుల్లోంచి వచ్చే వెలుతురు వల్ల. చిల్లు కొట్టే సన్నటి ఉలుల్లో ఒక్కోదానికి ఒక్కో ఆకారం. మీకు తోలు ముక్క మీద చిన్న చేపో, చిలకో గీసిచ్చి చిల్లులు కొట్టమంటే ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. చిల్లుకీ చిల్లుకీ మధ్య కాస్త ఎడం ఉండాలి. మరీ దగ్గరగా కొడితే తోలు చిరుగుతుంది. రంగు రెండు వైపులా వెయ్యాలి, లేకపోతే వెలుగు పడ్డప్పుడు వెలిసినట్టు కనిపిస్తుంది.

పెద్దాయన ఎవరైనా ఇంట్లో ఉంటే ఆటలో నవ్వించే జంట కేతిగాడు, బంగారక్క బొమ్మలు బయటికి తియ్యమని అడగండి. పాప ఉంది కాబట్టి కాస్త చూసుకుని మాట్లాడతారు. ఆ ఇద్దరి సంభాషణ అసలు రూపంలో పిల్లల ముందు వినేది కాదు లెండి.

ఇక మగ్గం. అందరూ మొదట అడిగేది ఇదే, నేను చివర్లో పెట్టుకోమనేదీ ఇదే. పెన్న దాటితే కోవూరు, ఆ పక్కనే పాటూరు. చీరలు నేస్తారు, నెల్లూరు నుంచి అరగంటలో వెళ్లొచ్చు. వెంకటగిరి ఇంకా పెద్ద పేరు. జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ మాకు ఇప్పటికీ మా ఊరే. వెళ్లి చూడండి, తప్పకుండా చూడండి. కానీ మగ్గం మీద కూర్చుంటానని మాత్రం అడక్కండి. మగ్గం మీదున్న పడుగు, అంటే నిలువు పోగులు, చాలాసార్లు నేతగాడి సొంతం కాదు. నూలు ఇచ్చి కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్ ఇచ్చినది. మీరు సరదాగా కాలు తొక్కి, అడ్డపోగుని అటూ ఇటూ మోసే నాడెని తప్పుగా విసిరి నాలుగు పోగులు తెంపితే, వాటిని అతికించుకుంటూ కూర్చోవాల్సింది ఆయన. చీరలో మచ్చ పడితే కూలిలో కోత కూడా ఆయనకే. సన్నటి నూలు మీద ఇది మరీ కష్టం.

దాని బదులు రాట్నం మీద కండెలు, అంటే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్లు, చుడతామని అడగండి. ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు చేసే పని అది. పోగు తెగినా ముడేసుకోవచ్చు, కొంపేమీ మునగదు. ఆ కండె నాడెలోకి వెళ్లి, మీరు చుట్టిన నూలు మీ కళ్ల ముందే చీరలో పేకగా, అంటే అడ్డపోగుగా, పడుతుంటే పాపకి భలే ఉంటుంది. వెంకటగిరిలో అయితే జాందానీ నేసే మగ్గం ఎవరింట్లో ఉందో కనుక్కుని వెళ్లండి. బుటా, అంటే చీర మీది చిన్న బొమ్మ, ఉన్నంత మేర విడిగా వేరే పోగుని చేత్తోనే దూర్చి నేస్తారు. చీర తిప్పి చూస్తే వెనక వైపు కూడా బొమ్మ ముందులాగే ఉంటుంది, వేలాడే దారాలు ఉండవు. దుకాణంలో జాందానీ అని అమ్మేది నిజమా కాదా తెలుసుకోవడానికి కూడా అదే గుర్తు. ఒకవేళ మీకు నేత నిజంగానే నేర్చుకోవాలని ఉంటే, అదే ఊళ్లో ప్రగడ కోటయ్య గారి పేరు మీద చేనేత సాంకేతిక సంస్థ ఉంది. కానీ అది డిప్లొమా చదువు, ఆదివారం సరదా కాదు.

వెంకటగిరి దాకా వెళ్తే అదే రైలు దారిలో శ్రీకాళహస్తి. అక్కడి కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులేసే పని, మొత్తం ఒక రోజులో చెయ్యలేరు, అసలు పనికి వారాలు పడుతుంది. అయినా నల్ల గీత వరకు చేస్తే చాలు, సగం విద్య చూసినట్టే. గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి రంగు పాకకుండా ఆగుతుంది. నలుపు ఎక్కడా కొనేది కాదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెట్టి చేస్తారు, కసిమి అంటారు. వెదురు పుల్లకి ఉన్నిగుడ్డ చుట్టి దారం కడితే అదే కలం. మునివేళ్లతో ఆ గుడ్డని నొక్కుతుంటే కసిమి చివరికి దిగుతుంది. కలంలో ఉన్నప్పుడు పేలవంగా ఉండే ఆ నీళ్లు, కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే నల్లగా మారిపోతాయి. ఇనుము, కరక్కాయలోని వగరు కలిసి చేసే పని అది. మీ పాపకి సైన్సు పాఠం వేరే చెప్పక్కర్లేదు. పాత చీర కట్టుకుని వెళ్లండి, ఆ మరక పోదు.

ఊళ్లోనే ఉండి నేర్చుకోవాలంటే మగ్గం వర్క్ ఒక్కటే గట్టి దారి. పేరులో మగ్గం ఉన్నా ఇది నేత కాదు, ఫ్రేముకి గుడ్డ బిగించి చేసే కుట్టుపని. పెళ్లి బ్లౌజుల పుణ్యమా అని నెల్లూరులో ఏ పేటకెళ్లినా నేర్పేవాళ్లు ఉన్నారు. కొక్కెం లాంటి ఆరీ సూదితో గొలుసుకుట్టు రావడానికే కొన్ని వారాలు కూర్చోవాలి, నడుం నొప్పి ఖాయం. ఫ్రేము మీద ఎంతమందిని కూర్చోబెడుతున్నారో చూసి చేరండి. ఇరుగ్గా ఉంటే సూది పట్టే పద్ధతి ఎవరూ సరిదిద్దరు.

మార్కాపురం పలకల గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. రాతి పలక మీద బొమ్మ వెయ్యాలంటే పలక కొనుక్కొచ్చి ఇంట్లో వేసుకోండి. రాయి కోసే చోటికి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి. మనకి నేర్పుతూ కూర్చున్న పూట వాళ్ల పని ఆగుతుంది కాబట్టి, కనీసం ఆ పూట కూలి, వాడిన సరుకు ఖరీదు ఇవ్వాలి. వస్తువు కొంటాం కదా అని దీన్ని ఎగ్గొట్టకూడదు, అది వేరు ఇది వేరు. అక్కడికెళ్లి బేరం ఆడటం నాకు నచ్చదు. అదే స్పూను సిటీ షోరూంలో ఎంతకి అమ్ముతారో చూసినవాళ్లెవరూ ఆడరు. ఎవరింటికి వెళ్లాలో తెలియకపోతే ఊళ్లో టీ కొట్టు దగ్గర అడిగినా చెప్తారు. ఇంకొంచెం భరోసా కావాలంటే పెహచాన్ కార్డు ఉందా అని అడగండి, చేతివృత్తుల వాళ్లకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు అది.

రోజు చూసుకుని వెళ్లడం కూడా ముఖ్యమే. ఉదయగిరికి శుక్రవారం, రంజాన్ నెల వద్దు. అక్టోబరు చివర్నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుపాన్లు. నేలలో గుంట తవ్వి పెట్టే గుంట మగ్గాల్లోకి చెమ్మ వస్తే నేత ఆపేస్తారు, తోలూ ఆరదు. ఏప్రిల్, మే ఎండలకి ఉదయగిరి వైపు పిల్లలతో వెళ్లడం శిక్షే. సంక్రాంతి వెళ్లాక ఫిబ్రవరి చివరి వరకు హాయిగా ఉంటుంది. నెల్లూరు నుంచి ఉదయగిరికి ఆర్టీసీ బస్సులున్నాయి గానీ పాపతో అయితే కారే మేలు. తిరుగు బస్సు టైం చూసుకుంటూ కూర్చుంటే ఆకురాయి పని సగంలో వదిలేసి లేవాల్సి వస్తుంది.