నలుపని నాలుగుసార్లు చెప్పావు

చెల్లెమ్మా,

నీ కథలోని ప్రొద్దుటూరు పిల్ల నలుపని మొదటి పేరాలోనే నాలుగుసార్లు రాశావు. ఒక్కసారి చాలు. ఆ నలుపు ఆమె చేత రోజంతా ఏం చేయిస్తుందో మాత్రం ఎక్కడా లేదు. కథ ఉండేది అక్కడే.

రూపం మీద దిగులున్న మనిషి చూసుకుంటుంది, లేదా దాచుకుంటుంది. ఫోన్ కెమెరాలో, ఆగిన బండి అద్దంలో, నగల దుకాణం గాజులో ముఖం చూసుకుంటుంది. ఫొటో అంటే వెనక వరుసలోకి జరుగుతుంది. ఎండకని కట్టిన చున్నీ పొద్దు గూకినా తీయదు. వీటిలో ఒక్కటి పట్టుకో. కథలో మూడుసార్లు రానివ్వు, మూడోసారి దానివల్ల ఆమెకు ఏదో ఒకటి చేజారాలి. చూసుకున్నందువల్ల దొరికే ఊరట నిలవదు, పైగా చూసేకొద్దీ ఆ ఒక్కటే కళ్లకు కనిపిస్తుంది. అందుకే మళ్లీ చూసుకుంటుంది.

అమెరికాలో క్లెక్, స్ట్రెంటా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కొందరి ముఖాల మీద మేకప్‌తో గాటు లాంటి మచ్చ గీసి, అద్దంలో చూపించి, చెదరకుండా క్రీము రాస్తామంటూ వాళ్లకు తెలియకుండా తుడిచేశారు. ఎదుటివాళ్లతో మాట్లాడి వచ్చాక, ‘మా మచ్చ చూసి ఇబ్బంది పడ్డారు’ అన్నారు వీళ్లు. అక్కడ మచ్చే లేదు! నీ కథలోని పెళ్లిచూపుల్లో పిల్లాడి తల్లి ఫోన్ తీసింది. ఆమె చేసింది ఒక వాక్యంలో, పిల్లకు తోచింది ఇంకో వాక్యంలో రాయి. ఏది నిజమో తేల్చొద్దు.

అలాగని అంతా ఊహే అనుకుంటే పిల్లకు అన్యాయం చేసినట్టు. ‘కళగల మొగమే గానీ...’ అని ఆగిపోయే పెద్దమ్మలు మన సీమలో ప్రతి పెళ్లిచూపుల్లోనూ ఉంటారు. ఆ మాటా పడాలి, ఈ అనుమానమూ ఉండాలి. కష్టమైన పని ఇదే, దీని మీదే ఎక్కువ రోజులు కూర్చో.

క్రీముతో రెండు రోజుల్లో తెల్లబడిందని రాశావు, అలా జరగదు. స్టెరాయిడ్ కలిసినవైతే మొదట్లో తేటగా అనిపిస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, మొటిమలొస్తాయి, మానేస్తే మండి ఎర్రబడుతుంది. ఆ మంటకే భయపడి మళ్లీ రాస్తారు.

చివర్లో పిల్లాడు ‘అందంగా ఉన్నావు’ అనగానే దిగులు తీరిపోవడం తీసెయ్. ఆ మాటా అద్దం లాంటిదే, రేపు మళ్లీ కావాలి. దానికి బదులు చున్నీ లేకుండా కడప ఏడురోడ్ల కూడలి దగ్గర బస్సు దిగనివ్వు. గుండె దడదడలాడనివ్వు. పారిపోకుండా నిలబడితే ఆ దడ దానంతటదే మెల్లగా దిగుతుంది.

పెళ్లిచూపుల సీను తిరగరాసి పంపు. పెద్దమ్మ మాటలు మాత్రం ముట్టుకోవద్దు, బాగా కుదిరాయి.

మీ అన్న
కడప