కారు రేడియోలో చూసిన క్యాచ్

"అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకు బేస్‌బాల్ మీద నిజంగానే అభిమానం ఉంటుందా, లేక బడిలో తోటివారితో కలిసిపోవడానికి చేసుకున్న అలవాటేనా?" అని ఒకరు నన్ను అడిగారు. అందరి సంగతీ నేను చెప్పలేను కానీ, నా అభిమానానికీ బడికీ ఏ సంబంధమూ లేదు. అది మినియాపోలిస్ పక్కన బ్లూమింగ్టన్‌లో, మా వంటింట్లో, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మా నాన్నగారి రేడియో దగ్గర పుట్టింది.

నాన్నగారు ఊళ్ళో ఉన్నప్పుడు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని టెస్టు మ్యాచ్‌ల కామెంటరీ విన్నవారు కావడంతో, ఆటను కళ్ళతో చూడకపోవడం ఆయనకు లోటుగా తోచేది కాదు. వేసవి రాత్రుళ్ళు 830 మీద డబ్ల్యూసీసీఓ స్టేషన్ పెట్టేవారు. వ్యాఖ్యాత హెర్బ్ కార్నీల్ గొంతులో మా ఊరి బేస్‌బాల్ జట్టు మిన్నెసోటా ట్విన్స్ ఆట నడుస్తూ ఉండేది. కార్నీల్‌కు తొందర ఉండేది కాదు. బంతికీ బంతికీ మధ్య ఆయన మాట ఆగినప్పుడు వెనక జనం సందడి సన్నగా వినిపించేది, ఆ కాస్త సందులోనే నాన్నగారు నాకు ఆట నేర్పారు. తండ్రీ బిడ్డలు మాట్లాడుకోవడానికి ఇంత చోటు ఇచ్చే ఆట మరొకటి లేదని నా గట్టి నమ్మకం. 2023లో పిచర్ ఎదుట, అంటే బంతి విసిరేవాడి ఎదుట, గడియారం పెట్టి, పరుగు కోసం చుట్టిరావాల్సిన బేసుల మీద ఎవరూ లేనప్పుడు పదిహేను సెకన్లలో బంతి వేసి తీరాలన్నారు. ఆ నిర్ణయం తీసుకున్నవారు ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఎన్నడూ రేడియో విని ఉండరనే నాకు అనిపిస్తుంది.

ఆయన ప్రతి ఆటకూ స్కోరు కాగితం రాసేవారు. ఆఫీసు నుంచి తెచ్చిన గళ్ళ కాగితం మీద స్కేలుతో గీతలు గీసి, ఒక్కో గడిలో నాలుగు బేసులకు గుర్తుగా చిన్న వజ్రాకారం వేసేవారు. మైదానంలోని ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. పిచర్ 1, బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ 2, మొదటి బేసు మనిషి 3, అలా రైట్ ఫీల్డర్ 9 వరకూ. రెండో, మూడో బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేసుకు, అక్కడి నుంచి మొదటి బేసుకు విసిరి ఇద్దరిని ఔట్ చేస్తే 6-4-3 అని రాస్తారు. పదేళ్ళ వయసులో నాకు ఎక్కాలకన్నా ఈ అంకెలే బాగా నోటికి వచ్చేవి.

1991లో మినియాపోలిస్‌లో ఉన్నవాళ్ళకు ఆ సంవత్సరం గురించి వేరే చెప్పనక్కరలేదు. ముందటి ఏడు తమ డివిజన్‌లో అట్టడుగున నిలిచిన ట్విన్స్, అలాగే అట్టడుగున ఉన్న అట్లాంటా బ్రేవ్స్, రెండూ ఏడాది విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌కు చేరాయి. ఆ వేసవిలో నాన్నగారు మమ్మల్ని ఒక్కసారి ట్విన్స్ ఆడే మెట్రోడోమ్‌కు తీసుకువెళ్ళారు. లోపలి గాలి ఒత్తిడితోనే నిలబడే గుడ్డ కప్పు దానిది. ఆట అయిపోయి తలుపు దాటేసరికి లోపలి గాలి ఒక్క ఉదుటున తన్నుకొచ్చి మమ్మల్ని బయటికి తోసింది. అమ్మ పైట ఎగిరి నా మొహానికి చుట్టుకుంది. ఆ తెల్లటి కప్పులో ఎత్తుకు లేచిన బంతి కలిసిపోయి కనబడదని పెద్ద పెద్ద ఆటగాళ్ళే విసుక్కునేవారు. నాకు మాత్రం అంతకన్నా అందమైన చోటు ఇంతవరకూ తారసపడలేదు.

ఇక అసలు సంగతి అక్టోబర్ 26, శనివారం రాత్రిది. నాలుగు ఆటలు ముందుగా గెలిచినవారిదే సిరీస్; ట్విన్స్ 3-2 ఆటలతో వెనకబడి ఉన్నారు. ఆ రోజు ఓడితే సిరీస్ ముగిసినట్టే. సరిగ్గా అదే రాత్రి నాన్నగారి స్నేహితుల ఇంట్లో భోజనాలు. అక్కడ టీవీకి తెలుగు సినిమా క్యాసెట్టు పెట్టి ఉంది, పెద్దవాళ్ళు కింద పేకాటలో ఉన్నారు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకోవడం చూసి నాన్నగారు కోటు తగిలించుకుని, "పద తల్లీ, కార్లో విందాం" అన్నారు. స్కోరు కాగితం ఆయన జేబులో మడత పెట్టి సిద్ధంగానే ఉంది. ఆ సంగతి నేను ఈనాటికీ మరిచిపోలేదు.

హీటర్ వేసుకుని, కారు లోపలి చిన్న దీపం వెలుగులో, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నారాయన. మొదటి ఇన్నింగ్స్‌లోనే ట్విన్స్ సెంటర్ ఫీల్డర్ కర్బీ పకెట్ కొట్టిన ట్రిపుల్‌తో, అంటే మూడో బేసు దాకా చేర్చిన దెబ్బతో, ఒక పరుగు వచ్చింది, కాసేపటికి అతనూ బేసులన్నీ చుట్టి పరుగు పూర్తి చేశాడు. మూడో ఇన్నింగ్స్‌లో అట్లాంటా ఆటగాడు రాన్ గాంట్ బంతిని ఎడమ-మధ్య గోడ వైపు బలంగా బాదాడు. రేడియోలో గొంతు హెచ్చింది, ఆ వెంటనే జనం హోరులో మాటలు మునిగిపోయాయి. ఏమైందో తెలియని ఆ రెండు క్షణాలూ నాన్నగారి పెన్సిల్ గాలిలోనే ఆగి ఉంది. పకెట్ గోడ మీదికి ఎగిరి పట్టేశాడని తెలిశాక ఆయన గడిలో 8 అని రాశారు. సెంటర్ ఫీల్డర్ పట్టిన ఏ క్యాచ్‌కైనా గుర్తు అదే. సులువుగా చేతిలో పడిన బంతికీ అదే ఎనిమిది, ఆ గోడ మీది అద్భుతానికీ అదే ఎనిమిది. ఒక్క క్షణం దానివంక చూసి, పక్కన చిన్న నక్షత్రం వేశారు.

మర్నాడు టీవీలో ఆ క్యాచ్‌ను చూపించారు. పకెట్ అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి; చాలా ఎత్తుకే ఎగిరాడు. కానీ నేను కార్లో చూసిన పకెట్ అంతకన్నా ఎత్తుకు ఎగిరాడు. ఇప్పటి పిల్లలు ఫోన్‌లో పది సెకన్ల ముక్కలు చూసి ఆటను చూశామనుకోవడం నాకు బాధ కలిగించేది ఇందుకే.

మధ్యలో అమ్మ రెండు కాగితం ప్లేట్లలో పులిహోర, బజ్జీలు తెచ్చి, "ఏమండీ, లోపల మీకోసం అడుగుతున్నారు" అని చెప్పి, స్కోరు 3-3 అని విని, తనూ వెనక సీట్లో కూర్చుంది. పదకొండో ఇన్నింగ్స్‌లో అట్లాంటా వాళ్ళు చార్లీ లీబ్రాంట్‌ను బంతి వేయడానికి దించారు. పకెట్ నాలుగో బంతిని గోడ దాటించాడు, దాంతో ఆట ట్విన్స్‌దే అయింది. నాన్నగారు హారన్ మోగించారు. లోపలివాళ్ళు ఏమైందోనని గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. 2020 నుంచి మామూలు సీజన్ ఆటల్లో తొమ్మిది ఇన్నింగ్స్‌లకూ స్కోరు సమంగా ఉంటే, పదో ఇన్నింగ్స్ మొదలుకాగానే రెండో బేసు మీద ఒక మనిషిని ఊరికే నిలబెడుతున్నారు. వరల్డ్ సిరీస్‌కు ఆ నియమం లేకపోవడం నయమే. కానీ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రాత్రుళ్ళు రేడియో వినే పిల్లలకు, కష్టపడకుండా బేసు చేరిన ఆ మనిషిని స్కోరు కాగితంలో ఏ గీతతో చూపించాలో తండ్రులు ఏమని చెబుతారు? ఆట త్వరగా ముగియాలని కోరుకునేవాళ్ళు దాని అభిమానులు కారనే నేను అంటాను.

మర్నాడు ఆదివారం ఏడో ఆట. సోమవారం బడి ఉన్నా వినడానికి ఒప్పుకున్నారు కానీ, నేను ఆరో ఇన్నింగ్స్‌కే వంటింటి బల్ల మీద తల వాల్చి నిద్రపోయాను. పొద్దున లేచేసరికి కాగితం నా కంచం పక్కన ఉంది, నాన్నగారు కాఫీ తాగుతూ పెదవి విప్పకుండా కూర్చున్నారు. అట్లాంటా వరసలో సున్నాలు లెక్కపెట్టాను. పది ఉన్నాయి. ట్విన్స్ పిచర్ జాక్ మోరిస్ పేరు కింద ఇంకో పిచర్ పేరు లేదు, అంటే పది ఇన్నింగ్స్‌లూ అతనొక్కడే వేశాడన్నమాట. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అట్లాంటా వాళ్ళు మూడు బేసుల మీదా ఉన్నారు, ఒక్కరే ఔటయ్యారు; ముగ్గురు ఔటైతేనే వాళ్ళ వంతు ముగుస్తుంది. అట్లాంటా బ్యాటర్ సిడ్ బ్రీమ్ గడిలో 3-2-3 అని ఉంది. మొదటి బేసు నుంచి క్యాచర్‌కు, క్యాచర్ నుంచి మళ్ళీ మొదటి బేసుకు. "నాన్నగారూ, ఇద్దరూ ఔటా?" అని అరిచాను. ఆయన తల ఊపి, కింది వరస చూడమని వేలితో చూపించారు. ట్విన్స్ పదో గడిలో ఒకటి అంకె ఉంది, దాని పక్కన నక్షత్రం.