కీ ఇచ్చిన నాలుగైదు రోజులకి ఆగిపోయే పాత నిలువెత్తు గడియారం: మెషిన్ మాత్రం మార్పించకండి

వేలంలో కొన్న పాత లాంగ్‌కేస్ గడియారం, అదే మనం గ్రాండ్‌ఫాదర్ క్లాక్ అనేది, కీ ఇచ్చాక నాలుగైదు రోజులు బాగానే నడిచి ఆగిపోతోందని, షాపతను లోపలి మెషిన్ తీసేసి బ్యాటరీది పెట్టించుకోమన్నాడని, అసలిది నిజంగా పాతదేనా అని అడిగారు. బ్యాటరీ సంగతి ముందు మర్చిపోండి. ఈసారి ఆగినప్పుడు తలుపు తీసి బరువులు ఎంతదాకా దిగాయో చూడండి. లోలకం గుండు పక్కన, ఇంచుమించు అదే ఎత్తులో ఉంటే తప్పు చాలావరకు మెషిన్‌ది కాదు, అది నిలబడ్డ తీరుది.

ఇది నేను పడ్డ బాధే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నేనుండేది ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో. తొమ్మిదేళ్ల క్రితం ఓక్ చెక్క పెట్టె, పెయింట్ డయల్ ఉన్నది ఒకటి కొన్నాను, వారానికోసారి కీ ఇచ్చే రకం. ఆదివారం పొద్దున కీ ఇస్తే గురువారం రాత్రికో శుక్రవారం తెల్లారేసరికో ఆగిపోయేది. రిపేర్ చేసే ఒకాయన పళ్లచక్రాలు అరిగిపోయాయి, మొత్తం మార్చాలన్నాడు, విచిత్రంగా ఆయన దగ్గర స్టాండుకి బిగించి పెడితే మాత్రం వారమంతా ఆగకుండా నడిచింది. ఇంటికి తెచ్చాక మళ్లీ అదే కథ. ఒక శుక్రవారం పెట్టెని కాస్త ముందుకి జరిపి చూస్తే వెనక చెక్కకి నాలుగు పాత స్క్రూ చిల్లులు కనబడ్డాయి. అంటే ఇంతకుముందు దీన్ని ఉంచుకున్నవాళ్లందరూ గోడకి బిగించారన్నమాట.

లోలకం ఊగుతుంటే బిగించని పెట్టె కూడా కంటికి ఆననంత ఊగుతుంది. బరువులు వేలాడే తాళ్లు రోజురోజుకీ పొడుగవుతూ లోలకమంత పొడవుకి వచ్చేసరికి బరువులూ అదే లయలో ఊగడం మొదలుపెడతాయి, లోలకాన్ని నడిపించే ఆ కాస్త బలాన్నీ లాగేసుకుంటాయి. ఇంతే విషయం. గోడ కింద స్కర్టింగ్, అంటే నేలకి ఆనించి గోడ పొడుగునా కొట్టే చెక్క పట్టీ, ఎంత మందం ఉందో అంత మందం చెక్కముక్క పెట్టె వెనక పైభాగంలో పెట్టి, పాత చిల్లులోంచే ఒక స్క్రూ గోడలోకి గట్టిగా దిగేలా బిగించండి. జరిపేముందు బరువులు, లోలకం తీసేయడం మర్చిపోవద్దు, ఒక్కో బరువు ఐదారు కిలోలు ఉంటుంది. తర్వాత కళ్లు మూసుకుని వినండి: టిక్‌కీ టాక్‌కీ మధ్య ఎడం రెండువైపులా ఒకేలా ఉండాలి. కుంటుతున్నట్టు వినిపిస్తే ఎన్నాళ్లో నడవదు.

పెట్టె అంత సన్నగా ఎందుకుంటుందో కూడా ఈ లోలకమే చెబుతుంది. 1656లో హాలండ్‌లో హైగెన్స్ అనే శాస్త్రవేత్త లోలకంతో గడియారం నడిపించాడు, కానీ ఆ తొలి రకాల్లో పొట్టి లోలకం బాగా వెడల్పుగా ఊగేది. 1670 ప్రాంతంలో లండన్‌లో యాంకర్ ఎస్కేప్‌మెంట్, అంటే పళ్లచక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే లంగరు ఆకారపు కొక్కెం, వచ్చాక ఊపు కొద్ది డిగ్రీలకి తగ్గింది, దాంతో మీటరుకి కొంచెం తక్కువ పొడవున్న, ఒక్కో ఊపుకి ఒక సెకను పట్టే లోలకం సన్నటి పెట్టెలో ఇమిడిపోయింది. మీ డయల్ మీద సెకన్ల ముల్లు ఉంటే దగ్గరగా చూడండి, ముందుకి అడుగేసి, పిసరంత వెనక్కి తగ్గి, అప్పుడు నిలబడుతుంది. యాంకర్ కొక్కెం పళ్లచక్రాన్ని వెనక్కి తోసే క్షణం అది, ఇన్నేళ్లయినా నాకు చూడబుద్ధవుతూనే ఉంటుంది.

ఇక పాతదేనా అంటే, డయల్ మీది పేరొక్కటే చూసి నమ్మకండి. ఆ పేరు చాలాసార్లు అమ్మినాయనది, పెట్టె చేసింది ఊళ్లో వడ్రంగి. పెయింట్ డయళ్లు బర్మింగ్‌హామ్‌లో 1772 నుంచి ఆస్‌బోర్న్, విల్సన్ చేసి అమ్మారు, నా దాని వెనక ఇనప పలకలో ఆస్‌బోర్న్ పేరు పోత పోసి ఉంది. పెట్టె ఒక గడియారానిది, మెషిన్ ఇంకోదానిదైతే డీలర్లు మ్యారేజ్ అంటారు. మెషిన్ కూర్చునే పలక కింద కొత్త చెక్కలు దూర్చి ఎత్తు సరిచేశారేమో చూస్తే తెలిసిపోతుంది. ధర తగ్గుతుంది గానీ ఇంట్లో పెట్టుకోవడానికి అదేం లోపం కాదని నా అభిప్రాయం. మెషిన్ ఇత్తడి పలకల మీద టార్చి వేసి చూడండి, రిపేర్ చేసినవాళ్లు సూదితో గీసిన తేదీలు దొరకొచ్చు. నా దాంట్లో 1831, 1867, 1922 ఉన్నాయి. దాన్నా తీసేసి బ్యాటరీ పెట్టేది?

వీలైతే ఇంగ్లండ్‌లోనే వేక్‌ఫీల్డ్ దగ్గర నోస్టెల్ అనే పాత భవంతికి వెళ్లండి. సముద్రంలో రేఖాంశం తేల్చే గడియారాలు చేసిన జాన్ హారిసన్, వడ్రంగి కొడుకు, 1717లో చేసిన లాంగ్‌కేస్ అక్కడుంది, పళ్లచక్రాలతో సహా చాలావరకు చెక్కే.

ఇత్తడి డయల్ అయితే పాలిష్ రుద్దకండి, అంకెల వలయం మీది పల్చటి వెండిపూత పోతుంది. పెయింట్ డయల్‌ని తడిగుడ్డతో తుడవకండి, పేరు చెరిగిపోవచ్చు. గోడకి బిగించాక ఒక వారం నిండా నడవనిచ్చి, టైం తేడా ఎంతో రాసుకుని, అప్పుడే గుండు కింద నట్టు ముట్టుకోండి. గుండు 1 మి.మీ. పైకి జరిగితే రోజుకి దాదాపు 43 సెకన్లు ముందుకి పోతుంది, కాబట్టి పావు చుట్టు చొప్పునే తిప్పండి.